లీకు కాని లీకు

థర్మల్ కేంద్రంలో బాయిలర్ దగ్గర పనిచేసినవాడిని నిద్రలో కూడా ఉలిక్కిపడేలా చేసే మాట ఒకటుంది: ట్యూబ్ లీక్. కొలిమి చుట్టూ గోడల్లా నిలబెట్టిన వేల గొట్టాల్లో ఎక్కడో ఒకదానికి సూదిమొనంత రంధ్రం పడుతుంది. ఆవిరి బుస కొడుతుంది. ఆ ధార తగిలి పక్క గొట్టం అరుగుతుంది, దాని పక్కది కూడా. ఇక యూనిట్ ఆపాలి, చల్లారేదాకా ఆగాలి, మనుషులు లోపలికి దూరి వెల్డింగ్ చేయాలి. ముప్ఫై నాలుగేళ్లు ఆ బుస కోసం చెవి ఒగ్గి బతికాను. పదవీ విరమణ చేసి విజయవాడ భవానీపురంలో కృష్ణ గాలి పీలుస్తున్నా, వంటింట్లో కుక్కర్ బుస్సుమంటే ఇప్పటికీ తల అటు తిరుగుతుంది.

కిందటి డిసెంబరులో మా అమ్మాయి ఉండే ఇంగ్లండులోని లీడ్స్‌కు మూడు నెలలకని వెళ్లాం. దిగిన రెండో రోజు తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. మంకీ టోపీ పెట్టుకుని, శాలువా కప్పుకుని పెరట్లోకి అడుగుపెట్టాను. వంటింటి గోడలోంచి పొడుచుకొచ్చిన పొట్టి గొట్టం తెల్లటి ఆవిరిని ఊదుతోంది. కాస్త దిగువన సన్నటి ప్లాస్టిక్ పైపు ఒకటి గోడలోంచి వచ్చి మురుగు జాలీ మీద ఆగింది. అందులోంచి నీళ్లు. చుక్క తర్వాత చుక్క. చేయి పెట్టి చూశాను, గోరువెచ్చగా తగిలింది.

లోపలికి వచ్చి అల్లుడి గది తలుపు తట్టాను. "బాబూ, లేవండి. మీ బాయిలర్ ట్యూబు పోయింది. ముందు ఆపేయండి" అన్నాను. కళ్లు నులుముకుంటూ వచ్చిన ఆ పిల్లాడు, "అది ఎప్పుడూ అలాగే కారుతుంది, మామయ్యగారూ" అన్నాడు. బాయిలర్ మనిషి ముందు అనకూడని మాట అది. వెనక నుంచి మా ఆవిడ, "ఏమండీ, వచ్చి రెండు రోజులు కాలేదు, అప్పుడే డ్యూటీలో దిగారా?" అంది.

డ్యూటీలో దిగాననే ఒప్పుకోవాలి. ఆ బాయిలర్‌ను నిజానికి బాయిలర్ అనడానికి నాకు మనసొప్పలేదు. నేను చూసుకున్న 210 మెగావాట్ల యూనిట్‌కు గంటకు దాదాపు 700 టన్నుల ఆవిరి, 540 డిగ్రీల వేడిమీద, పంపించే బాయిలర్ ఉండేది. ఇక్కడున్నది వంటింటి అల్మారాలో పప్పు డబ్బాల పక్కన సర్దుకున్న తెల్ల పెట్టె. ఇందులో నీళ్లు మరగవు కూడా, వేడెక్కుతాయంతే. ఆ వేడి నీటిని చిన్న పంపు ఇల్లంతా తిప్పి, గది గదికీ గోడకు బిగించిన రేడియేటర్లలోంచి మళ్లీ వెనక్కి తెస్తుంది. కుళాయి తిప్పితే స్నానానికి కావలసిన నీళ్లు కూడా అప్పటికప్పుడు ఇదే కాచి ఇస్తుంది. కాంబీ అంటారట.

అల్లుడి మాట నమ్మలేదు కాబట్టి కాపలా కాశాను. గంట గడిచి, ఇల్లంతా వెచ్చబడి, రేడియేటర్లు చేయి పెట్టలేనంతగా కాలాక పోయి చూస్తే పైపు దాదాపుగా ఆగిపోయింది. మర్నాడూ అంతే. చల్లగా మొదలైనప్పుడు కారుతుంది, వేడెక్కాక ఆగుతుంది. రంధ్రం పడ్డ గొట్టం అలా చేయదు. వేడి పెరిగేకొద్దీ లీకు పెరగాలిగాని తగ్గకూడదు. అప్పుడు సిగ్గు పక్కన పెట్టి, డ్రాయర్‌లో పడి ఉన్న ఆ పెట్టె తాలూకు పుస్తకం తీసి చదివాను.

అందులో ఉన్నది నా ముప్ఫై నాలుగేళ్ల చదువుకు తలకిందులుగా ఉంది. గ్యాస్ మండితే నీరు పుడుతుంది. ఒక ఘనపు మీటరు సహజవాయువు కాలితే సుమారు లీటరున్నర నీరు, ఆవిరి రూపంలో. ఆ ఆవిరిని అలాగే బయటికి వదిలేస్తే అందులో దాగిన వేడి కూడా దానితోనే పోతుంది. గ్యాస్‌లోని మొత్తం వేడిలో ఈ వాటా పదో వంతు దాకా ఉంటుంది. ఈ పెట్టె ఆ ఆవిరిని తనలోనే నీరుగా మార్చి వేడిని వెనక్కి లాక్కుంటుంది. వేడి పోగా మిగిలిన నీళ్లే పెరట్లో కారేది. ఇంగ్లండులో 2005 నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ ఈ రకానివే ఉండాలని నిబంధన.

మేమేమో పొగను చల్లారనివ్వకుండా కాపాడేవాళ్లం. బొగ్గులో గంధకం ఉంటుంది. పొగ మరీ చల్లబడితే అది గంధకామ్లంగా మారి, కొలిమికి పోయే గాలిని ఆ పొగతోనే వేడిచేసే ఎయిర్ ప్రీహీటర్ రేకుల్ని తినేస్తుంది. అందుకే పొగగొట్టానికి పోయే పొగను 130, 140 డిగ్రీల దగ్గర నిలిపేవాళ్లం. అంత వేడి గాలిలో కలిసిపోతోందని తెలుసు, అయినా తప్పదు. సహజవాయువులో గంధకం లేనట్టే లెక్క. లోపలి భాగాలు కూడా కొద్దిపాటి పులుపు నీటిని తట్టుకునే లోహంతో చేస్తారు. కాబట్టి పొగ ఎంత చల్లబడితే అంత లాభం. నేను దొంగ అనుకున్నవాడు ఇంటి కాపలాదారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రేడియేటర్లు తిరిగి బాయిలర్‌కు చేరే నీరు దాదాపు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి దానికి తగిలి నీరవుతుంది. అంతకన్నా వేడిగా వస్తే ఆవిరి ఆవిరిగానే గోడ దాటిపోతుంది. మా వాళ్ల పెట్టె మీద రెండు గుర్తులున్నాయి, రేడియేటర్ బొమ్మ ఒకటి, కుళాయి బొమ్మ ఒకటి. రేడియేటర్ బొమ్మ దగ్గర 75 అని ఉంది. బిగించిన నాడు ఎవరు పెట్టారో అదే అంకె, ఎవరూ ముట్టుకోలేదు. నీరు 75లో బయలుదేరితే ఇల్లంతా తిరిగి వచ్చేసరికి 60 పైనే ఉంటుంది. అంటే పొద్దున్న మొదటి గంట తప్ప రోజంతా ఆ పెట్టె తన విద్య చూపకుండానే గ్యాస్ తాగుతోంది.

అల్లుడి అనుమతితో 65కు దించాను, రెండు రోజులకు 60, వారం గడిచాక 55. పైపు రోజంతా కారడం మొదలుపెట్టింది. అంత సంతోషంగా ఏ లీకునూ చూడలేదు నేను.

ఇంట్లో మాత్రం ఒప్పుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. "రేడియేటర్ కాలడం లేదు, పాడైందేమో" అంది అమ్మాయి. కాలనక్కర్లేదమ్మా, వెచ్చగా ఉంటే చాలు, కాకపోతే ఎక్కువసేపు ఉండాలి అని చెప్పాను. పొయ్యి మీద పాలు పొంగించడానికీ కుంపటి మీద సన్న సెగన కాచడానికీ ఉన్న తేడా లాంటిదే. అరగంటలో వెచ్చబడే గది గంట తీసుకుంటుంది కాబట్టి టైమర్‌ను అరగంట ముందుకు జరిపాం. గది వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను 19 దగ్గరే ఉంచాం. మా ఆవిడ స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని దాన్ని 22కు పెంచడం, నేను చూసి తగ్గించడం, ఇది వేరే కథ. మీటరు రీడింగు రోజూ పొద్దున్నే రాసేవాడిని, లాగ్‌బుక్కు అలవాటు పోతుందా? మొదటి పది రోజుల్లో రోజుకు సగటున 9 ఘనపు మీటర్లు కాలితే, 55కు దించాక ఎనిమిదికి కాస్త పైన వచ్చింది. బయటి చలి రోజుకో రకంగా ఉంటుంది కనుక ఈ తేడా మొత్తం నా గొప్పేనని చెప్పను.

ఒక జాగ్రత్త. ఇది కాంబీ కాబట్టి కుదిరింది. వేడి నీళ్లను పెద్ద ట్యాంకులో నిలవ ఉంచే ఇళ్లు అక్కడ చాలానే ఉన్నాయి. అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో అలాంటిదే ఉంది, ఆవిడ కూడా దించమంది. నేను ముట్టుకోలేదు. నిలవ నీరు 60 డిగ్రీలకు తగ్గితే లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉంది. పొదుపు కోసం ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకోలేం.

మిగతావి చిన్న చిన్న పనులు. పెట్టె మీది ప్రెషర్ ముల్లు చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి, వేడెక్కితే 2 దాకా పోతుంది, 3 దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. మేం వెళ్లేటప్పటికి 0.7లో ఉంది. కింద రెండు వాల్వులున్న మెలికల గొట్టంలోంచి నీళ్లు ఎక్కించి, ముల్లు 1.3కు రాగానే రెండూ కట్టేయాలి. కట్టేయడం మరిచిపోయేవాళ్లే ఎక్కువట. పై గదిలో రేడియేటర్ పైభాగం చల్లగా, అడుగు వేడిగా ఉంది, అంటే లోపల గాలి చేరింది. హీటింగ్ ఆపి, చల్లారాక, చిన్న తాళంచెవి లాంటి దాన్ని చివరన పెట్టి పావు మలుపు తిప్పితే గాలి బుస్సుమని పోయి నీటి చుక్క వచ్చింది, వెంటనే బిగించాను. (ఈసారి బుసకు భయపడలేదు.) గాలి పోయాక ప్రెషర్ మళ్లీ తగ్గుతుంది, మళ్లీ చూసుకోవాలి. హాల్లో సోఫాను రేడియేటర్‌కు ఆనించి పెట్టారు. పాపం ఆ వేడంతా సోఫా వీపుకే. జానెడు ముందుకు జరిపించాను. మా ఆవిడ చీరలు ఆరేసుకునే చోటూ ఆ రేడియేటరే. ఆ విషయంలో నా మాట చెల్లలేదు, కిటికీ మూల బూజు కనబడ్డాక గానీ.

జనవరిలో ఒక రాత్రి మైనస్ ఆరుకు పడిపోయింది. పొద్దున్న లేచేసరికి ఇల్లు మంచుగడ్డ. పెట్టె లోపల గుడగుడ శబ్దం, ఆపై ఎర్ర దీపం. అమ్మాయి కంగారుగా ఫోను తీసింది. నేను మాత్రం నేరుగా పెరట్లోకి వెళ్లాను. నా చుక్కల పైపు గడ్డకట్టింది. నీళ్లు బయటికి పోయే దారి లేక లోపలే నిలిచి పెట్టె తనంతట తానే ఆగిపోయింది. అమ్మాయి కెటిల్‌లో మరిగే నీళ్లు తెచ్చింది. వద్దన్నాను, ప్లాస్టిక్ పగులుతుంది, ఒంటి మీద చిందితే అంతకన్నా ప్రమాదం. స్నానానికి పోసుకునేంత వెచ్చటి నీళ్లు రెండు చెంబులు పైపు పొడవునా పోశాను. లోపల ఏదో జారిన చప్పుడు, తర్వాత గడగడమని నీళ్లు. రీసెట్ బటన్ నొక్కితే మంట అందుకుంది. మర్నాడు అల్లుడు ఆ పైపుకు స్పాంజి తొడుగు తెచ్చి తొడిగాడు.

ఆ ఉత్సాహంలో పెట్టె ముందు మూత విప్పి చూద్దామని స్క్రూ డ్రైవర్ పట్టుకున్నాను. అల్లుడు మొదటిసారి గొంతు పెంచాడు. "మామయ్యగారూ, అది మనం విప్పకూడదు. గ్యాస్ పనికి అర్హత ఉన్నవాళ్ల జాబితా, గ్యాస్ సేఫ్ రిజిస్టర్, అందులో పేరున్నవాళ్లే విప్పాలి, చట్టం." మా పెద్ద బాయిలర్లకు 1923 నాటి చట్టం ఉండేది, ఏటా తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తేనే నడపాలి. ఇంత చిన్న పెట్టెకు కూడా అంత పట్టింపా అనిపించింది. స్క్రూ డ్రైవర్ డ్రాయర్‌లో పెట్టేశాను.

ఏడాదికోసారి చేయించే సర్వీసుకు వచ్చినతను గుర్తింపు కార్డు చూపించి, పొగ గొట్టంలో చిన్న గొట్టం దూర్చి మిషన్ మీద అంకెలు చూసుకున్నాడు. నేను పక్కనే నిలబడి నా పాత కథలు సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పాను. పైపు దారిలో ఉన్న అయస్కాంతపు ఫిల్టర్ విప్పి చూపించాడు, కాటుక లాంటి నల్ల బురద. మాగ్నటైట్, నల్లటి ఇనుప ఆక్సైడు! మా గొట్టాల లోపల అది పలుచని పొరగా కట్టుకోవాలని మేం కోరుకునేవాళ్లం, ఉక్కుకు అదే రక్ష. ఇక్కడ అదే రేడియేటర్ల ఇనుము తుప్పుపట్టి రాలిన పొడి. అడుగున పేరుకుని నీటి దారి మూసేస్తుంది. రేడియేటర్ పైన వేడిగా, అడుగున చల్లగా ఉంటే ఇదేనని అనుమానించాలన్నాడు.

వెళ్తూ వెళ్తూ గోడ మీది తెల్ల బిళ్ల బటన్ నొక్కాడు. చెవులు చిల్లులు పడేలా కూసింది. కార్బన్ మోనాక్సైడ్ అలారం. "ఈ బాయిలర్ గాలిని బయటి నుంచే తీసుకుంటుంది, పొగను బయటికే పంపుతుంది, గదితో దీనికి సంబంధం లేదు. అయినా ఇది ఉండాలి" అన్నాడట, అల్లుడు తెలుగులో చెప్పాడు. అందరూ టీలు తాగుతున్నారు. నాకు మాత్రం కప్పు చేతిలో అలాగే ఉండిపోయింది.

ఎందుకంటే విజయవాడలో మా గ్యాస్ గీజరు స్నానాలగదిలోనే ఉంది.

బెజవాడలో వేడినీళ్ల గీజరేమిటని నవ్వకండి. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లే కాలుతాయి, నిజమే. కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మా ఆవిడ మోకాళ్లకు వేడినీళ్లు కావాలి. రెండేళ్ల క్రితం కొన్నాం. దుకాణం తరఫున వచ్చిన కుర్రాడు, "ఇక్కడైతే పైపు కలిసొస్తుంది సార్" అని స్నానాలగది గోడకే బిగించాడు. పక్కనే నిలబడి చూశాను, నోరు మెదపలేదు. దోమలు వస్తున్నాయని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టింది కూడా నేనే. ఆ జనవరిలో ఒకరోజు మా ఆవిడ స్నానం చేసి బయటికి వస్తూ తలుపు పట్టుకుని కూలబడింది. తల పగిలిపోతోంది, కళ్లు తిరుగుతున్నాయి అంది. బీపీ అనుకున్నాం. మజ్జిగ ఇచ్చాను. కొలిమిలో ఆక్సిజన్ శాతం చూసుకుంటూ జీవితం గడిపినవాడిని, మజ్జిగ ఇచ్చాను.

నిమిషానికి 6 లీటర్లు కాచే గీజరు మంట పది కిలోవాట్లకు పైనే. వంటింటి పెద్ద బర్నర్లు నాలుగు ఒకేసారి వెలిగించి తలుపు మూసుకున్నంత. ఆ ఇరుకు గదిలో గాలి చాలకపోతే మంట సరిగా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ రోజు ఆవిడ ఇంకో బకెట్ పట్టుకుని ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను.

మార్చిలో తిరిగొచ్చాం. సూట్‌కేసులు విప్పకముందే ప్లంబర్‌ను పిలిపించి గీజరును బయటి వసారాలోకి మార్పించాను. ఆ కుర్రాడిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. వేడినీళ్ల పైపు ఒక్కటే గోడలోంచి లోపలికి వస్తుంది. ఎనిమిది మీటర్ల దూరం, అరంగుళం పైపు, అందులో నిలిచే లీటరు నీళ్లు మొదట చల్లగా వస్తాయి. వాటిని వేరే చెంబులో పట్టి తులసికి పోస్తుంది మా ఆవిడ. సిలిండర్‌ను నేలకన్నా పల్లంగా ఉన్న మూలన పెట్టలేదు. సహజవాయువు గాలికన్నా తేలిక, పైకి పోతుంది. మన సిలిండర్ గ్యాస్ బరువు, కింద పేరుకుంటుంది. రబ్బరు గొట్టం మీద గడువు తేదీ ఉంటుంది, అయిదేళ్లకు మించి వాడకూడదు, మాది దాటిపోయి ఉంది. కొత్తది వేసి, కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు రావడం లేదని చూశాకే వెలిగించాను. గ్యాస్ వాసన వస్తే పిలవాల్సిన 1906 నంబరు గోడ మీద రాసి పెట్టాను. గుండ్రటి అంకెలతో, కళ్లద్దాలు లేకుండా కనిపించేలా.

నీళ్ల మంట ఇక్కడా సన్నగానే. సెగ ఎక్కువ పెట్టి, పొగలు కక్కే నీళ్లు పట్టి, అందులో చన్నీళ్లు కలపడం మన అలవాటు. మా బోరు నీళ్లలో సున్నం జాస్తి, నీరు ఎంత కాలితే లోపలి రాగి గొట్టానికి అంత త్వరగా పొర కడుతుంది. ఒంటికి పోసుకునే వేడి దగ్గరే నాబ్ ఆపేస్తే చన్నీళ్లు కలపనక్కర్లేదు. ధార పలచబడితే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో కడిగిస్తాను. లెక్క వేశాను, 20 లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి సుమారు 35 గ్రాముల గ్యాస్ చాలు. 14.2 కిలోల సిలిండర్‌కు నాలుగు వందల బకెట్లు. షవర్ కింద నిలబడితే ఈ లెక్క నాకు తెలియదు, మా ఇంట్లో బకెట్టే.

ఎండాకాలం వాడం కాబట్టి గ్యాస్ కట్టేసి, రెండు బ్యాటరీలు తీసేస్తాను, లేకపోతే లోపలే కారి స్ప్రింగులు తినేస్తాయి. మళ్లీ నవంబరులో వెలిగించే ముందు తప్పకుండా సర్వీసు చేయిస్తాను. ఈసారి బర్నర్ గొట్టంలో సాలెగూడు దొరికింది. గాలి దారి మూసుకుంటే మంట నీలంగా ఉండదు, పసుపు తిరిగి మసి కడుతుంది. మసి కట్టిందంటే ఆ పైది చెప్పనక్కర్లేదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి అమ్మాయి పంపింది, వసారాకూ స్నానాలగదికీ మధ్య నడవలో తగిలించాను. నెలకోసారి నొక్కుతాను, పక్కింటివాళ్లు కుక్క అరుపు మాన్పించమన్నట్టు చూస్తారు.

నిన్న రాత్రి వీడియో కాల్‌లో అమ్మాయి ఫోను తిప్పి పెట్టె చూపించింది. ముల్లు 1.3 దగ్గరుంది. నాబ్ 55 మీదే ఉంది. మంచు పడుతోందట. ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచి, పైపు మీద టార్చి వేసింది.

"నాన్నా, ఆగకుండా కారుతూనే ఉంది" అంది.

"కారనీ అమ్మా" అన్నాను.